డాలస్‌లో గేమింగ్ పీసీకి కూలర్ కొన్నాం | 3 వేలదా? 22 వేలదా?

నమస్తే అండి. విజయవాడలో మా పిన్ని కొడుకు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడుగుతున్నాడు: "అక్కా, కొత్త పీసీకి ఏ కూలర్ పెడుతున్నావ్? లిక్విడ్‌దేనా?" ఈ వీడియో వాడి కోసమే. కూలర్ అంటే గదికి పెట్టేది కాదు, పీసీలో ప్రాసెసర్ చిప్ వేడిని లాగేసేది; కొన్ని ఫ్యాన్ గాలితో, కొన్ని పంపుతో తిరిగే ద్రవంతో (లిక్విడ్) ఆ పని చేస్తాయి. ఇప్పుడు మైక్రో సెంటర్ అనే షాపుకి బయల్దేరాం. కంప్యూటర్ సామాన్లు చేత్తో పట్టుకుని చూసి కొనాలంటే మేం వెళ్లేది అక్కడికే.

దారిలో ఇండియన్ స్టోర్ దగ్గర ఆగాం. గోంగూర ఎంత లేతగా ఉందో చూడండి! రెండు కట్టలు ఆరు డాలర్లు. డాలర్ 90 రూపాయలు అనుకుంటే 540. మా అమ్మ వింటే గుండె పట్టుకుంటుంది. అయినా తీసుకున్నాను, ఈ రాత్రికి పప్పు.

సరే, షాపుకి వచ్చేశాం. మా ప్రాసెసర్ ఏఎండీ కంపెనీ రైజెన్ 7 9800ఎక్స్3డి, 2024 నవంబర్‌లో వచ్చింది. దీంట్లో ఎక్స్‌ట్రా క్యాష్‌ని (చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ) కోర్ల కింద, అంటే లెక్కలు చేసే భాగాల కింద పెట్టారు. ముందు తరంలో అది పైన ఉండి వేడికి అడ్డం పడేది. అందుకే దీన్ని చల్లబరచడం తేలిక. కంపెనీ చెప్పే లెక్క 120 వాట్లు, గేమ్స్‌లో అంత కూడా తినదు. అదే ఇంటెల్ ఐ9-14900కె అయితే 253 వాట్ల దాకా లాగుతుంది, దానికి మూడు ఫ్యాన్ల లిక్విడ్ కూలర్ పెట్టినా అర్థముంది.

మా ఆయన చూపు మాత్రం తెర ఉన్న లిక్విడ్ కూలర్ మీదే. 250 డాలర్లు, అంటే 22,500. అందంగా ఉంది, కాదనను. కానీ దాంట్లో పంపు పాడైతే మొత్తం మార్చాల్సిందే. గాలి కూలర్‌లో పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే, అది విడిగా దొరుకుతుంది. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ అనే ఈ గాలి కూలర్ చూడండి: ఆరు రాగి గొట్టాలు, రెండు ఫ్యాన్లు, 35 డాలర్లు. ఆస్ట్రియా వాళ్ల నాక్టువా ఎన్‌హెచ్-డి15 జి2 కూడా గాలి కూలరే, దాదాపు 150 డాలర్లు. నిజంగా గొప్ప వస్తువే, కానీ ఈ ప్రాసెసర్‌కి అంత అవసరం లేదు.

ఒక్క విషయంలో నాక్టువాకి మనసు లాగింది, అది చప్పుడు తక్కువ చేయడం. ఇంటి దగ్గర సీలింగ్ ఫ్యాన్, కుక్కర్ విజిల్, పక్కింటి టీవీ మధ్య పీసీ చప్పుడు ఎవరికి వినపడుతుంది? ఇక్కడ ఆయన ఆఫీసుకి వెళ్లాక ఇంట్లో వినపడేది పీసీ ఫ్యానే. కొన్ని రోజుల్లో మాత్రం ఆ చప్పుడైనా తోడుగా ఉంటే బాగుండు అనిపిస్తుంది.

తమ్ముడూ, నీ కోసం అసలు పాయింట్ ఇది. ఇలాంటి ఏ కూలరైనా, లిక్విడ్‌దైనా సరే, చిప్‌ని గది వేడి కంటే కిందికి దించలేదు. మా ఇంట్లో ఏసీ 24 మీద ఉంటుంది. ఆటలో చిప్ 70 డిగ్రీలు చూపిస్తోందనుకో. మే నెలలో నీ గది 36 ఉంటే, అదే కూలర్‌తో అదే చిప్ 82 దగ్గర ఉంటుంది. కంగారు పడకు, దీని హద్దు 95. అది దాటబోతే తనే వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి 20 వేలు కూలర్‌లో పోయకుండా, కేబినెట్‌కి ముందు జాలీ ఉన్నది తీసుకో, దుమ్ము నెలకోసారి తుడువు.

బిల్లు దగ్గర నాకు ఇప్పటికీ చిరాకే. మన దగ్గర ఎంఆర్‌పీ అంటే పన్నులన్నీ కలిపిన ధర. ఇక్కడ అట్ట మీద 35 అని ఉంటుంది, కౌంటర్లో 8.25 శాతం కలుస్తుంది. 37 డాలర్ల 89 సెంట్లు అయింది, మనకి 3,400. గోంగూరకి మాత్రం పన్ను లేదు, టెక్సాస్‌లో వండని తిండి సామాన్లకి వేయరు.

తమ్ముడూ, మేం కొన్న పీర్‌లెస్ అసాసిన్ 155 మిల్లీమీటర్ల ఎత్తు. నాక్టువాది 168. నీ కేబినెట్‌లో ఎంత ఎత్తు కూలర్ పడుతుందో చూసి, ర్యామ్ ఫొటో కూడా పంపు. ర్యామ్ ఎత్తుగా ఉంటే ముందు ఫ్యాన్‌ని పైకి జరపాలి, అప్పుడు ఎత్తు ఇంకా పెరుగుతుంది. ఫొటో చూశాకే ఆర్డర్ పెట్టు.