శివరాత్రికీ ఉగాదికీ నడుమ హార్సిలీ హిల్స్

శ్రోతలకు నమస్కారం.

శివరాత్రితో చలి శివ శివా అంటూ వెళ్లిపోయింది. తిరుపతిలో మధ్యాహ్నం గొడుగు లేకుండా బయటికి వెళ్తే అప్పుడే మాడు కాలుతోంది. అలాగని రోళ్లు పగిలే ఎండలు ఇంకా రాలేదు. ఇంటర్ పిల్లలున్న ఇళ్లలో, పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో పరీక్షల టెన్షన్. ఎటైనా వెళ్దామన్న మాట ఎవరి నోటా రాదు. సరిగ్గా ఈ రోజుల్లోనే మదనపల్లె దగ్గరి మన చల్లని కొండ హార్సిలీ హిల్స్ ఖాళీగా ఉంటుంది. పరీక్షలు రాసే పిల్లలు లేనివాళ్లు, రిటైరైన పెద్దవాళ్లు, ఇంకా బడికి వెళ్లని పసిపిల్లల తల్లిదండ్రులు ఈ ఫాల్గుణ మాసంలో ఒకసారి కొండెక్కి రండి. ఆ మాట చెప్పడానికే మీ ముందుకు వచ్చాను.

మే నెలలో వెళ్లినవాళ్లకు అక్కడి సంగతి తెలుసు. గది దొరకదు, ఘాట్‌లో బండి వెనక బండి, కొండమీద గాలి హోరెత్తే ఏటవాలు రాయి గాలిబండ మీద కాలు పెట్టే చోటుండదు. డిసెంబరు, జనవరిలో ఇబ్బంది ఇంకో రకం. మంచు కమ్మిందంటే పదడుగుల అవతల ఏముందో కనపడదు, ముసలివాళ్లు రగ్గులోంచి బయటికి రారు. ఫాల్గుణంలో అయితే పగలు మామూలు బట్టల్లో తిరగొచ్చు, పొద్దు గూకాక ఒక శాలువా చాలు.

అక్కడ చల్లగా ఎందుకుంటుందో కూడా చెప్తాను. తిరుపతి సముద్రమట్టానికి ఐదారు వందల అడుగుల ఎత్తులో ఉంది. హార్సిలీ హిల్స్ 4 వేల అడుగులు దాటుతుంది. పైకి వెళ్లేకొద్దీ వాతావరణ పీడనం తగ్గి గాలి వ్యాకోచిస్తుంది, వ్యాకోచించిన గాలి చల్లబడుతుంది. వెయ్యి మీటర్లకు సుమారు ఆరేడు డిగ్రీలు తగ్గుతాయి. అంటే తిరుపతిలో 36 డిగ్రీలున్న రోజున అక్కడ 29 దగ్గర ఉంటుందని లెక్క వేసుకోవచ్చు. ఊటీ, కొడైకెనాల్ లాగా ఊహించుకుని వెళ్లకండి. అవి దాదాపు 7 వేల అడుగుల ఎత్తున్న ఊళ్లు. మన కొండ చల్లదనం చెట్టు నీడలో కూర్చుంటే తెలిసే చల్లదనం. మధ్యాహ్నం బండ మీద నిలబడితే అక్కడా ఎండ ఎండే.

తిరుపతి నుంచి చంద్రగిరి దాటి, భాకరాపేట ఘాట్ ఎక్కి, పీలేరు, కలికిరి, వాయల్పాడు మీదుగా మదనపల్లె చేరతాం. చిత్తూరు వాళ్లకు పలమనేరు, పుంగనూరు మీదుగా దారి. 2022లో జిల్లాలు విడిపోయాక మదనపల్లె చిత్తూరు జిల్లాలో లేకుండా పోయింది గానీ, ఆ దారంతా మన మాటే, మన తిండే. గబగబా కొండ చేరాలన్న ఆత్రంతో ఈ దారిని పోగొట్టుకోకండి. మామిడి చెట్లకు పిందె పడుతుంటుంది. కానుగ చెట్లు ఆకు రాల్చి లేత చివురు తొడుగుతుంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా ఇది చింతపండు కాలం. రోడ్డు పక్క ఊళ్లలో అరుగుల మీద ఆడవాళ్లు కుప్పలు పోసుకుని కూర్చుని ఉంటారు. కింద ఒక రాయి, చేతిలో చిన్న ఇనుప కడ్డీ. పెంకు అప్పటికే తీసేసి ఉంటుంది. ఒక్క దెబ్బకు గింజ ఎగిరి పక్కన పడుతుంది, పండు చేతిలో మిగులుతుంది. పక్కవాళ్లతో మాట్లాడుతూనే ఉంటారు, కడ్డీ మాత్రం వేలి మీద పడదు. ఒక పావుగంట ఆగి, "ఏమ్మా, కొత్తపండేనా?" అని పలకరించి, ఏడాదికి సరిపడా అక్కడే కొనుక్కోండి. ఆ కష్టానికి తగిన డబ్బు నేరుగా వాళ్ల చేతికే అందుతుంది. బేరం మరీ ఎక్కువ ఆడకండి.

మదనపల్లె దాటి అంగళ్లు అనే ఊరి మీదుగా వెళ్తే కొండ మొదలవుతుంది. దీని పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే అమ్మాయిని ఏనుగులు సాకాయనీ, ఆమె కొండజనానికి మందులిచ్చి రోగాలు నయం చేసేదనీ, ఒకనాడు కనపడకుండా పోయిందనీ చెప్పుకుంటారు. కొండమీద ఆమెకు గుడి ఉంది. హార్సిలీ అన్నది 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా పనిచేసిన దొర పేరు. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. ఎండలకు తాళలేక ఆయన ఇక్కడ వేసవి ఇల్లు కట్టుకున్నాడు, ఆ పేరే కొండకు నిలిచిపోయింది. ముందు మల్లమ్మకు దండం పెట్టుకుని తర్వాత మిగతావి చూడండి అని నేను అందరికీ చెప్తాను. ఈ కొండ మీద మొదటి హక్కు ఆమెది.

ఇక గాలిబండ. సాయంత్రం నాలుగున్నర, ఐదు గంటలకు వెళ్లండి. చెప్పులు విడిచి బండ మీద కూర్చుంటే పగలంతా కాగిన రాయి కింద నుంచి వెచ్చగా తగులుతుంది. పైన గాలి మాత్రం చెవుల్లో హోరుమంటుంది. చీర కొంగు, పంచె అంచు పట్టుకోవాల్సిందే. కాసేపటికి రాయిలో వెచ్చదనం తగ్గిపోతూ రావడం అరికాళ్లకే తెలుస్తుంది. మే నెల గుంపులో ఇదంతా గమనించే తీరిక ఎవరికీ ఉండదు. బండ వాలుగా కిందికి జారి ఉంటుంది కాబట్టి పసిబిడ్డల చెయ్యి వదలొద్దు, ఫోటో కోసం అంచు దాకా వెళ్లొద్దు. ఎండ ముదిరేకొద్దీ దూరంగా ఉన్న ఊళ్లు, చెరువులు మసకలో కలిసిపోతాయి. అవి స్పష్టంగా కనపడాలంటే సూర్యోదయానికి మళ్లీ రావాలి. అందుకే ఒక రాత్రి ఉండేలా వెళ్లమంటాను.

మరునాడు పొద్దున చెట్ల కింద నడవండి. నీలగిరి చెట్లు బెరడు విడుస్తుంటాయి. పొడుగాటి చీలికలు కొమ్మలకు వేలాడుతుంటాయి, లోపల మాను నున్నగా, తెల్లగా బయటపడుతుంది. రాలిన ఆకు ఒకటి నలిపి వాసన చూస్తే ముక్కు విచ్చుకుంటుంది. 1859లో నాటారని చెప్పే కల్యాణి అనే నీలగిరి చెట్టు ఇక్కడే ఉంది, దానికి మహావృక్ష పురస్కారం కూడా వచ్చింది. మార్చి నెల ముదిరేసరికి జకరండా చెట్లు నీలం పూలు పూస్తాయి. పక్షులంటే ఇష్టమున్నవాళ్లు రాళ్లూ పొదలూ ఉన్న చోట ఓపికగా నిలబడితే పసుపు గొంతు పిగిలిపిట్ట కనపడవచ్చు. దక్షిణ భారతంలోని ఇలాంటి రాతి కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండని పిట్ట అది. దాని సంఖ్య తగ్గిపోతోందని శాస్త్రవేత్తలు హెచ్చరించే జాబితాలో చేర్చారు. మనుషుల సందడి తక్కువగా ఉన్నప్పుడే దాని కూత వినపడుతుంది.

లోటుపాట్లు కూడా చెప్పాలి కదా. ఈ రోజుల్లో కొన్ని దుకాణాలు మూసి ఉంటాయి. హోటల్లో మెనూలో రాసినవన్నీ దొరకవు, ఉన్నది వేడిగా వండి పెడతారు. ఆటల సామాన్లకూ గదులకూ రిపేర్లు చేసుకునేది కూడా ఇప్పుడే. కాబట్టి ఏవి తెరిచి ఉన్నాయో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. శని, ఆదివారాల్లో బెంగళూరు బండ్లు వస్తాయి. సోమవారం నుంచి గురువారం దాకా కొండంతా మీ సొంతమే. ఆ నాలుగు రోజులూ అక్కడ టీ కాచేవాళ్లకు, ఆటో తోలేవాళ్లకు బేరాలు చాలా తక్కువ. మీరు తాగే రెండు టీలు, తినే నాలుగు దోసెలు వాళ్లకు నిజంగా అక్కరకొస్తాయి. కోతుల మీద ఒక కన్నేసి ఉంచండి, తిండి సంచి చేతిలో వేలాడదీసుకుని తిరగొద్దు.

ఒక విషయంలో మాత్రం నా మాట తప్పకుండా వినాలి. చలి తగ్గి వానలు రాని ఈ నెలల్లో అడవిలో బోదగడ్డి చితుకుల్లా ఎండి ఉంటుంది. పారేసిన ఒక్క బీడీ ముక్క చాలు. గాలి తోడైతే మంట కొండవాలు వెంట పైకి పాకుతుంది. పిట్టల గూళ్లు, నేలమీద పాకే జీవాలు, చెట్లకింద మొలిచిన లేత మొక్కలు అన్నీ కాలిపోతాయి. కొండమీద సిగరెట్ ముట్టించకండి. ఘాట్ పక్కన పొయ్యి పెట్టి వంట చేసుకోవడం పొరపాటున కూడా వద్దు. మనం వెళ్లేది ఆ పచ్చదనం కోసమే అయినప్పుడు ఈ మాత్రం జాగ్రత్త మన బాధ్యత.

దిగేటప్పుడు మదనపల్లెలో ఒక గంట ఆగండి. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919 ఫిబ్రవరిలో ఇక్కడి థియోసాఫికల్ కాలేజీలో బస చేశారు. జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించింది ఆ రోజుల్లోనే, ఈ ఊళ్లోనే. కాలేజీ ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరలిపి రాశారు. ఠాగూర్ వచ్చింది కూడా సరిగ్గా చలికీ ఎండకూ నడుమ ఉండే ఈ రోజుల్లోనే అని తలుచుకుంటే నాకు చాలా సంతోషం వేస్తుంది. మన పిల్లల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. తీసుకెళ్లి ఆ కాలేజీ చూపించండి.

సొంత బండిలో వెళ్లేవాళ్లు ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులోనే దిగండి, బ్రేకు మీదే కాలు పెట్టి కూర్చోకండి. చీకటి పడక ముందే కిందికి వచ్చేయండి. బండి లేనివాళ్లు దిగులు పడనక్కర్లేదు, మదనపల్లె బస్టాండు నుంచి కొండకు ఆర్టీసీ బస్సులున్నాయి. కాకపోతే రోజుకు కొన్నే. ఎక్కేటప్పుడే, "అన్నా, మళ్లీ కిందికొచ్చే ఆఖరి బస్సు ఎన్నింటికి?" అని కండక్టరును అడిగి పెట్టుకోండి. పదో తరగతి చివరి పరీక్ష అయిపోయిన మరునాటి నుంచి గదులకు గిరాకీ మొదలవుతుంది. వెళ్లాలనుకునేవాళ్లు ఈ వారంలోనే గది మాట్లాడుకోండి.

సెలవు, నమస్కారం.