రికార్డు ఏ అరలో పెట్టాలి?

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాదులో పాత రికార్డుల కోసం తిరిగేవారికి వారంలో రెండు రోజులు ముఖ్యం. గురువారం పురానాపూల్ వైపు జుమ్మేరాత్ బజారు, ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు. ఆగిపోయిన గడియారాలు, మిక్సీ మోటార్లు, విరిగిన ఫ్యాను రెక్కల మధ్య ఎక్కడో ఒక అట్టపెట్టెలో నాలుగు రికార్డులు నిలబెట్టి ఉంటాయి. కవరు చూసి సంబరపడకూడదని నేను తొలి ఏడాదిలోనే నేర్చుకున్నాను. ఇంటికి తెచ్చుకున్న షెహనాయి కవరులోంచి ఒకసారి ఇంగ్లీషు డాన్సు బ్యాండు బయటపడింది. అందుకే రికార్డును బయటికి తీసి, ఎండకు ఏటవాలుగా పట్టుకుని, గాళ్ళ మీద గీతలు చూసుకుంటాను. ఆ తరువాత చివరి గాడికీ లేబులుకీ మధ్య ఉండే నున్నని జాగాలో చెక్కిన అంకెలు చదువుతాను. లేబుళ్ళు తారుమారు కావచ్చు గాని, ఆ అంకెలు అచ్చుతోపాటే పడతాయి కనుక నేను వాటినే నమ్ముతాను.

అమెరికాలో పుట్టిన జాజ్ సంగీతపు రికార్డులు సేకరించేవారు ఆ నున్నని జాగాలో ముఖ్యంగా ఆర్‌వీజీ అనే మూడు అక్షరాల కోసం చూస్తారు. అవి రూడీ వాన్ గెల్డర్ పేరులోని పొడి అక్షరాలు. ఆయన వృత్తి కళ్ళు పరీక్షించి అద్దాలు ఇవ్వడం. అయినా న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలోనే మైకులు పెట్టి, బ్లూ నోట్ కంపెనీ వారి గొప్ప రికార్డులెన్నో చేశారు. మన పేవ్‌మెంట్ల మీద ఆ అక్షరాలున్న రికార్డు నాకు ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. ఒక మిత్రుడు విదేశం నుంచి తెచ్చుకున్నదాన్ని భూతద్దం పెట్టి చూశాను, అంతే.

మా నాన్నగారి పెట్టెలో ఉన్నవి వేరే జాతి. అవి నిమిషానికి 78 చుట్లు తిరిగే బరువైన రికార్డులు. పది అంగుళాల రికార్డులో ఒక వైపున సుమారు మూడు నిమిషాల పాట మాత్రమే పడుతుంది. రాగాలాపనను గంటల తరబడి సాగించే విద్వాంసులు ఆ మూడు నిమిషాల్లో రాగం ముఖాన్ని చూపించి, ద్రుతంలో ముగించి, కొందరు చివర తమ పేరు కూడా చెప్పుకునేవారు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినప్పటి నుంచి ఆ రివాజు వినిపిస్తుంది. అప్పుడు పాట ఇక్కడ పట్టినా రికార్డు అచ్చయ్యేది జర్మనీలో. అక్కడ అచ్చువేసేవారికి ఆ రికార్డు ఎవరిదో తెలియాలి కదా!

ఆ రికార్డుల తయారీలో ముఖ్యమైన సరుకు లక్క. లాడ్ బజారులో గాజులు చేసే లక్కే. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. తరువాతి కాలంలో వచ్చిన వినైల్ ప్లాస్టిక్ రికార్డుల, అంటే ఎల్పీల మీది జిడ్డు స్పిరిట్‌తో పోతుందని ఎవరో చెప్పగా, నేను దూది స్పిరిట్‌లో ముంచి నాన్నగారి 78 రికార్డు ఒకదాన్ని శ్రద్ధగా తుడిచాను. దూది గోధుమరంగుకు తిరిగింది. మురికి వదులుతోందని సంతోషించి ఇంకొంచెం గట్టిగా రుద్దాను. వడ్రంగులు లక్కను స్పిరిట్‌లోనే కరగబెట్టి తలుపులకు పాలిష్ పెడతారన్న విషయం ఆ క్షణంలో నాకు స్ఫురించలేదు. దూదికి అంటింది మురికి కాదు, పాట. ఆ రికార్డు మీద అరచేయంత మేర గాళ్ళు మసకబారి ఉన్నాయి. సూది అక్కడికి రాగానే గొంతు దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తుంది. లక్క రికార్డులకు స్పిరిట్ తగలనివ్వకండి. డిస్టిల్డ్ వాటర్, మెత్తని బట్ట చాలు, లేబులు మాత్రం తడవకూడదు. ఎల్పీలను ఒకదానిమీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిటారుగా నిలబెట్టండి. మన మే నెల ఎండలో కారు వెనక సీటు మీద వదిలేసిన ఎల్పీ అప్పడంలా వంకర తిరుగుతుంది. వానాకాలంలో కవర్లకు బూజు పడుతుంది.

ఇక అసలు చిక్కుకు వస్తాను. రికార్డులు వందకు చేరాక వాటిని ఏ వరుసలో పెట్టాలి? సినిమా పాటలకు సినిమా పేరు ఉంటే సరిపోతుంది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని దాన్ని కూర్చిన రచయిత పేరున పెట్టడం ఆచారం. మోత్సార్ట్ రచనలకు కోహెల్ 1862లో, బాఖ్ రచనలకు ష్మీడర్ 1950లో వరుస సంఖ్యలు ఇచ్చి పని తేలిక చేశారు. జాజ్‌కు ఈ పద్ధతి పొసగదు. ఒకే పాటను యాభైమంది వాయిస్తారు, వాయించినవారే దానికి యజమానులు. కర్ణాటక సంగీతం ఈ రెంటికీ మధ్య నిలుస్తుంది. కృతి త్యాగరాజుది, అప్పటికప్పుడు అల్లే కల్పనాస్వరాలు పాడినవారివి. పైగా పాత కవర్ల మీది ఇంగ్లీషు అక్షరాల్లో త్యాగరాజు ఒకచోట హెచ్‌తో, మరొకచోట హెచ్ లేకుండా ఉంటాడు. కంప్యూటరు ఆయనను ఇద్దరు మనుషులుగా లెక్కిస్తుంది. నేను జాబితా తెలుగు లిపిలో రాసుకోవడం మొదలుపెట్టాక ఆయన మళ్ళీ ఒక్కడయ్యాడు. రాగం పేరున వెతుక్కోవాలంటే హిందోళం పక్కనే హిందుస్తానీ మాల్కౌఁస్ కూడా ఉండాలి. స్వరాలు అవే కనుక నా పుస్తకంలో ఆ రెంటికీ ఒకే పేజీ ఇచ్చాను. పండితులు క్షమింతురు గాక.

ఈ పుస్తకం నాలుగుసార్లు తిరగరాశాను. నాలుగోసారి కొత్తగా చేర్చిన గడి ఒకటుంది: ఎక్కడ, ఎప్పుడు రికార్డు చేశారు? ఆ ఒక్క గడి నా అలమారలన్నిటినీ కలిపేసింది. ఉదాహరణకు గ్లెన్ గూల్డ్ అనే కెనడా పియానో విద్వాంసుడు బాఖ్ రచన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్‌ను 1955లో ఒకసారి, 1981లో మరోసారి రికార్డు చేశారు. మొదటిది సుమారు 38 నిమిషాలు, రెండోది 51 నిమిషాలు. యువకుడు పరుగెత్తిన దారిలో నడివయసువాడు ప్రతి గుమ్మం దగ్గరా ఆగి చూస్తున్నట్టుంటుంది. రచయిత పేరున సర్దితే ఆ రెండూ ఒకే వస్తువు. నా గడి నింపుతున్నప్పుడు ఆ రెండూ న్యూయార్కులో ముప్పయ్యో వీధిలో, ఒకప్పుడు చర్చిగా ఉన్న కొలంబియా స్టూడియోలో తయారైనవని గమనించాను. జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 1959లో కైండ్ ఆఫ్ బ్లూ అనే ఎల్పీ చేసిందీ అక్కడే. నా ఇంట్లో ఒకటి శాస్త్రీయం అరలో, ఒకటి జాజ్ అరలో, వేర్వేరు గదుల్లో ఉండేవి. ఒకే కప్పు కింద పుట్టినవని తెలిసిన రాత్రి రెంటినీ వెంటవెంట విన్నాను. పియానో మోగి ఆగాక ఆ గదిలో శబ్దం మెల్లగా అణగిపోవడం అప్పుడే నా చెవికి పట్టింది.

కైండ్ ఆఫ్ బ్లూ విషయంలో అచ్చయిన సంవత్సరం కూడా రాసుకోవడం అవసరమే. మార్చి 2న రికార్డు చేసిన రోజున టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. దాన్ని సరైన వేగంతో మోగించినప్పుడు శ్రుతి పెరిగింది. అందుచేత మొదటి వైపున ఉన్న మూడు అంశాలూ 1990ల దాకా వచ్చిన అచ్చుల్లో కొద్దిగా హెచ్చు శ్రుతిలోనే ఉన్నాయి. తంబూరా దగ్గర పెరిగిన చెవులకు ఇది చిన్న తేడా కాదు. రికార్డుతో కలిపి సాధన చేసిన ఎందరో వాద్యకారులు తమ వాద్యమే సరిగా లేదనుకుని ఉంటారు.

స్థలం గడిలో హైదరాబాదు పేరు నేను అనుకున్నంతగా రాలేదు. హిందుస్తానీ గాయకులు బడే గులాం అలీ ఖాన్ గారు 1968 ఏప్రిల్‌లో మన బషీర్‌బాగ్‌లోనే కన్నుమూశారు. అయినా నా దగ్గరున్న ఆయన రికార్డులేవీ ఇక్కడ చేసినవి కావు.

హైదరాబాదు అని నిస్సంకోచంగా రాయగలిగింది ఒక క్యాసెట్టుకే. మా నాన్నగారు నారాయణగూడ ఇంట్లో రేడియో ముందు టేపురికార్డరు పెట్టి పట్టుకున్న కచేరీ అది. క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించడానికి దగ్గరదారి ఏదీ లేదు. తొంభై నిమిషాల టేపుకు తొంభై నిమిషాలు కూర్చోవలసిందే. మీట నొక్కడం ఆలస్యమైందేమో, అనౌన్సరు చెప్పిన పేరు పడలేదు. నాన్నగారి దస్తూరీలో అట్ట మీద ఉన్నది ఒకటే మాట, రాగం పేరు: యమన్. నెమ్మదిగా సాగే విలంబితం మధ్యలో కుక్కరు కూత వేస్తుంది. అమ్మ ఎవరినో భోజనానికి రమ్మంటుంది. నాన్నగారు ఉష్ అంటారు. నలభై అయిదో నిమిషంలో తాన్ మధ్యలోనే టేపు అయిపోతుంది.

గాయకుడి గడి ఖాళీగా ఉంచాను. స్థలం గడిలో నారాయణగూడ అని రాశాను.

నమస్కారం.