ఏడాది ఆడి వెళ్లిపోయినవాడు ఆ యూనివర్సిటీ మనిషేనా?

[స్క్రీన్ మీద: చీకటి స్టేడియం, ఒక్క లైటు, మైకులో ఆటగాళ్లను పిలుస్తున్న గొంతు]

నమస్తే అండీ. తొంభైల్లో చికాగో బుల్స్ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు చూసినవాళ్లకు ఈ గొంతు గుర్తుండే ఉంటుంది. లైట్లన్నీ ఆర్పేసి, చివరి ఆటగాణ్ణి పిలిచేటప్పుడు ‘ఫ్రమ్ నార్త్ కరోలినా...’ అనేవారు. ఆ తర్వాత పేరు జనం కేకల్లో కలిసిపోయేది. మైకేల్ జోర్డన్ పుట్టింది న్యూయార్క్ బ్రూక్లిన్‌లో. ఆ పిలుపులో నార్త్ కరోలినా అంటే చాపెల్ హిల్‌లోని యూనివర్సిటీ. అక్కడ నాలుగేళ్లు పూర్తి చెయ్యకుండా, మూడేళ్లకే 1984లో అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏకి వెళ్లిపోయాడు. అయినా అతను చాపెల్ హిల్ మనిషి కాదని అన్నవాళ్లు నాకు ఇప్పటిదాకా తగల్లేదు.

ఇప్పుడు అసలు విషయం. నేనుండేది నార్త్ కరోలినాలోనే, కేరీలో. ఇక్కడ మనవాళ్లు చాలామంది. ఇక్కడి డ్యూక్ యూనివర్సిటీకీ, చాపెల్ హిల్‌కీ మ్యాచ్ ఉన్న రోజు ఎవరో ఒకరింట్లో అందరం చేరతాం. చేరిన ప్రతిసారీ మా బావ ఒకే మాట అంటాడు. ‘లోన్ తీసుకుని, రాత్రిళ్లు నిద్ర లేకుండా చదివి ఇక్కడ మాస్టర్స్ చేశాను. నేను ఈ యూనివర్సిటీ వాణ్ణంటే అర్థం ఉంది. ఆ జయాన్ విలియమ్సన్ ఒక్క ఏడాది ఉన్నాడు, డిగ్రీ లేదు, వాడు డ్యూక్ వాడేంట్రా?’ బావ కష్టం నాకు తెలుసు, ఆ బాధలో నిజం ఉంది. కానీ ఆ మాట తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికే ఈ వీడియో. డ్రాఫ్ట్ అంటే ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమం, మార్చ్ మ్యాడ్‌నెస్ అంటే కాలేజీ జట్ల జాతీయ టోర్నమెంట్. అంతకు మించి వాటి జోలికి వెళ్లను.

ముందు మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పోస్ట్‌మాస్టర్‌గారి మనవడు అమ్మమ్మ ఇంటికి వచ్చి, మా బళ్లో పదో తరగతిలో చేరాడు. ఒక్క ఏడాది. ఆ సంక్రాంతికి చుట్టుపక్కల ఊళ్లతో కబడ్డీ పోటీలు జరిగితే మా ఊరి తరఫున ఆడాడు. కూతకి వెళ్లాడంటే కనీసం ఇద్దర్ని అవుట్ చేసి వచ్చేవాడు. కప్పు మాకే వచ్చింది. వేసవిలో వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లిపోయాడు. అతనికి మా ఊళ్లో ఇల్లు లేదు, రేషన్ కార్డులో పేరు లేదు. మరి అతను మా ఊరి తరఫున ఆడినట్టా, ఆడనట్టా? ఆడనట్టే అంటే హెడ్‌మాస్టర్‌గారి గదిలో బీరువా మీదున్న ఆ కప్పు వెనక్కి ఇచ్చెయ్యాలి కదా?

ఈ మనవణ్ణి గుర్తుపెట్టుకోండి. వీడియో అంతా అతనితోనే పని.

[స్క్రీన్ మీద: 1971, 1995, 2005]

ఏడాదికే వెళ్లిపోవడం ఆ పిల్లలు కనిపెట్టింది కాదు. ఒకప్పుడు హైస్కూల్ అయ్యాక నాలుగేళ్లు గడిస్తేగానీ ఎన్‌బీఏలోకి రానిచ్చేవారు కాదు. స్పెన్సర్ హేవుడ్ అనే ఆటగాడి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1971లో ఆ తలుపు తెరుచుకుంది. 1995లో కెవిన్ గార్నెట్, 1996లో కోబీ బ్రయంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్ కాలేజీ గడప తొక్కకుండానే హైస్కూల్ నుంచి నేరుగా వచ్చేశారు. 2005లో లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి కొత్త ఒప్పందం రాసుకున్నాయి. 19 ఏళ్లు నిండాలి, అమెరికాలో చదివినవాడైతే హైస్కూల్ అయ్యాక ఒక ఏడాది గడవాలి. 2006 డ్రాఫ్ట్ నుంచి అమలు. ఆ ఏడాది గడపడానికి ఎక్కువమందికి దొరికిన చోటు యూనివర్సిటీ. దీన్నే వన్ అండ్ డన్ అంటారు.

అంటే మనవణ్ణి అమ్మమ్మ ఊరికి పంపింది పెద్దవాళ్లు. ఏడాదికే తిరిగి రావచ్చన్నదీ వాళ్లే. తీరా వెళ్లిపోయాక ‘నువ్వు మా ఊరివాడివి కాదు’ అని పిల్లవాణ్ణి అంటే ఎలా?

చదువు సంగతి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. ఫాల్ సెమిస్టర్‌లో కనీసం ఆరు క్రెడిట్లు పాసైతే స్ప్రింగ్‌లో ఆడొచ్చు. ఏప్రిల్ మొదటి వారానికి సీజన్ అయిపోతుంది. జూన్‌లో డ్రాఫ్ట్. ఆ రెండో సెమిస్టర్‌లో క్లాసుకి వెళ్లినా వెళ్లకపోయినా అతని ఆటకి వచ్చే నష్టం లేదు. ఇక్కడ బావ కోపాన్ని నేను ఒప్పుకుంటాను. ఇది చదువు అనిపించుకోదు. కానీ ఈ ఏర్పాటు యూనివర్సిటీలకు తెలియక జరిగింది కాదు. తెలిసే సీటు ఇచ్చాయి, ఇళ్లకు వెళ్లి బతిమాలి మరీ తెచ్చుకున్నాయి. కెంటకీ యూనివర్సిటీ నుంచి 2010లో ఒకే డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఐదుగురు వెళ్లారు, అందులో నలుగురు మొదటి ఏడాది పిల్లలే. రెండేళ్ల తర్వాత 2012లో అదే కెంటకీ, ఆంథనీ డేవిస్ అనే మొదటి ఏడాది కుర్రాడితో ఛాంపియన్ అయింది. ఆ గెలుపు బ్యానర్ ఈరోజుకీ కిందికి దించలేదు.

ఇక జయాన్ దగ్గరికి వద్దాం. 2019 ఫిబ్రవరి 20, డ్యూక్ సొంత మైదానంలో చాపెల్ హిల్‌తో మ్యాచ్. టికెట్లు వేల డాలర్లకు అమ్ముడుపోయాయి. ఒబామా వచ్చి కూర్చున్నారు. మ్యాచ్ మొదలై నిమిషం కాకుండానే జయాన్ కాలి బూటు చిరిగిపోయింది, మోకాలికి దెబ్బ తగిలింది. దేశమంతా ఆ బూటు గురించే మాట్లాడుకుంది. అప్పటి నిబంధనల ప్రకారం అతనికి స్కాలర్‌షిప్, దాని తాలూకు ఖర్చులు తప్ప జీతం లేదు, ప్రకటనలు చేసుకునే హక్కు లేదు. కోట్లు విలువ చేసే భవిష్యత్తు ఉన్నవాడు, ఇక ఆడొద్దు, ఇంటికి వెళ్లిపో అని జనం చెబుతుంటే, కోలుకుని మళ్లీ అదే జెర్సీ వేసుకుని ఆడాడు. యూనివర్సిటీ తరఫున నిలబడటం అంటే ఇదే కదండీ! మీలో ఎవరికైనా ఇంతకంటే మంచి అర్థం తెలిస్తే కామెంట్‌లో రాయండి, నేను చదువుతాను.

మరి కైరీ అర్వింగ్? అతనూ డ్యూకే. 2010–11లో కాలి వేలికి గాయమై మొత్తం 11 మ్యాచ్‌లే ఆడాడు. తర్వాత డ్రాఫ్ట్‌లో మొదటివాడిగా వెళ్లాడు. ఇక్కడ నేను కూడా కొంచెం ఆగుతాను. ఆ 11 మ్యాచ్‌లూ అతను డ్యూక్ తరఫునే ఆడాడు, అందులో అనుమానం లేదు. కానీ డ్యూక్ ‘మేం తయారుచేసిన ఆటగాడు’ అంటే నేను ఒప్పుకోను. ఒకరి తరఫున ఆడటం వేరు, వాళ్ల చేతిలో తయారవడం వేరు. ఈ రెండూ కలిపేయడం వల్లే సగం గొడవ. మా ఊరు కప్పు ఉంచుకోవచ్చు. ఆ పిల్లవాణ్ణి మేమే పెంచాం అంటే వాళ్లమ్మ ఊరుకుంటుందా?

మూడోది డిగ్రీ. బావ దృష్టిలో అసలు ముద్ర అదే. ఒక్క విషయం చెబుతాను. చాపెల్ హిల్‌లో 18 ఏళ్లపాటు, క్లాసులే జరగని కోర్సులు నడిచాయని 2014లో విచారణ నివేదిక బయటపెట్టింది. 3,100 మందికి పైగా విద్యార్థులు వాటిలో చేరారు, దాదాపు సగం మంది క్రీడాకారులు. కాబట్టి నాలుగేళ్లు ఉన్నంత మాత్రాన చదువుకున్నట్టు కాదు, ఏడాదికే వెళ్లినంత మాత్రాన మోసం చేసినట్టూ కాదు.

అయితే డిగ్రీకి విలువ లేదని నేను అనడం లేదు. వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీలో టిమ్ డంకన్ నాలుగేళ్లూ ఉన్నాడు, చనిపోయిన తల్లికి ఇచ్చిన మాట కోసం. 1997లో సైకాలజీ డిగ్రీతోనే డ్రాఫ్ట్‌కి వెళ్లాడు. జోర్డన్ కూడా ఎన్‌బీఏలో ఆడుతూనే జాగ్రఫీ పూర్తి చేశాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది డేవిడ్‌సన్ కథ. షార్లెట్ పక్కన చిన్న కాలేజీ. 2008లో మొత్తం విద్యార్థులు రెండు వేలు కూడా లేరు. స్టెఫెన్ కరీ అక్కడ రెండో ఏడాది. ఆ ఏడాది మార్చ్ మ్యాడ్‌నెస్‌లో పదో సీడ్, అంటే తక్కువ ర్యాంకు ఇచ్చిన ఆ జట్టు గొంజాగాని, జార్జ్‌టౌన్‌ని, విస్కాన్సిన్‌ని ఓడించింది. పిల్లలు డెట్రాయిట్ వెళ్లి మ్యాచ్ చూడాలని కాలేజీ ట్రస్టీలే బస్సులకు, టికెట్లకు, బసకు డబ్బు పెట్టారు. చివరికి కాన్సస్ చేతిలో 59–57, రెండంటే రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. మూడో ఏడాది అయ్యాక, 2009లో కరీ వెళ్లిపోయాడు.

డేవిడ్‌సన్‌లో ఒక నియమం ఉంది. డిగ్రీ పూర్తిచేసినవాళ్ల జెర్సీ నంబరే గౌరవంగా పైన కడతారు. కరీ ఎన్‌బీఏ ఛాంపియన్ అయినా, లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికైనా 30 నంబరు పైకి ఎక్కలేదు. అలాగని అతను మావాడు కాదనీ అనలేదు. మా ఊళ్లో ఒక పెద్దాయన ‘నువ్వు మా మనవడివే, అన్నం తిని వెళ్లు, బళ్లో బోర్డు మీద పేరు మాత్రం పరీక్ష పాసయ్యాక’ అన్నట్టుంది నాకు. 13 ఏళ్లకు, 2022 మేలో కరీ సోషియాలజీ డిగ్రీ పూర్తి చేశాడు. ఆగస్టు 31న అతనొక్కడి కోసం స్నాతకోత్సవం పెట్టి, అదే రోజు నంబరు పైకెత్తారు. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి.

దీనికి పూర్తి ఎదురుగా సిరక్యూస్. కార్మెలో ఆంథనీ ఒక్క ఏడాది ఉండి, 2003లో ఆ యూనివర్సిటీకి బాస్కెట్‌బాల్‌లో మొదటి జాతీయ టైటిల్ తెచ్చాడు. తర్వాత 30 లక్షల డాలర్లు ఇచ్చాడు, ప్రాక్టీస్ భవనానికి అతని పేరే పెట్టారు, 2013లో నంబరూ పైన కట్టారు. ఊరికి మంచినీళ్ల ట్యాంకు కట్టించిన మనవడు అనుకోండి. నాకు డేవిడ్‌సన్ పద్ధతే నచ్చుతుంది, కానీ సిరక్యూస్‌ది తప్పని అనలేను.

టైమ్ అయిపోతోంది, మిగిలింది గబగబా చెప్పేస్తాను. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, ముఖం మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025లో వచ్చిన కోర్టు సెటిల్‌మెంట్‌తో యూనివర్సిటీలే నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. దీనికి తోడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే వేరే యూనివర్సిటీకి మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ఏర్పాటు. మూడేళ్లలో మూడు యూనివర్సిటీల జెర్సీలు వేసుకున్నవాళ్లున్నారు. అంటే ఒకే మనవడికి ఏడాదికో అమ్మమ్మ ఊరు. ఇప్పుడు ‘ఏడాదికే వెళ్లిపోయాడు’ అన్నది పాత ఫిర్యాదు అయిపోయింది. కూపర్ ఫ్లాగ్ 2024–25లో ఒక్క ఏడాదే డ్యూక్‌కి ఆడాడు. కానీ ఆ ఏడాదంతా ఒకే చోట ఉండి, జట్టుని ఫైనల్ ఫోర్, అంటే జాతీయ టోర్నమెంట్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్లి, డ్రాఫ్ట్‌లో మొదటివాడిగా డాలస్ వెళ్లాడు. మూడు చోట్ల తిరిగి నాలుగో చోట డిగ్రీ పట్టా తీసుకున్నవాడు ఏ యూనివర్సిటీ మనిషి? పట్టా ఇచ్చిన చోటా, ఎక్కువ ఆడిన చోటా? దీని మీద వచ్చే వారం వీడియో చేస్తాను. బావని కూడా కూర్చోబెడతాను, ఆయన మాట ఆయనే చెబుతాడు.