ముందు తల్లి గుండెల మీదికి, తర్వాతే తూకానికి

వేదిక మీది పెద్దలకు, డాక్టర్లకు, నర్సులకు, కాన్పు కోసం ఎదురుచూస్తున్న తల్లిదండ్రులకు నమస్కారం. పరిచయాలతో మీ సమయం తీసుకోను. తూకం మిషన్ గురించి మాట్లాడాలనే వచ్చాను.

సిజేరియన్‌లో బిడ్డ బయటికి రాగానే ఏం చేస్తున్నాం? తల్లికి ఆపరేషన్ కనబడకుండా కట్టిన తెర మీదుగా ఒక్క క్షణం చూపించి, ఆడో మగో చెప్పి, నేరుగా తూకానికి తీసుకెళ్తున్నాం. ఎందుకండీ అంత తొందర? మొదటి గంటలో బిడ్డ కళ్లు విప్పి, చురుగ్గా రొమ్ము వెతుక్కుంటుంది. ఆ తర్వాత గాఢనిద్రలోకి జారుకుంటుంది. సరిగ్గా ఆ గంటనే తూకానికీ ట్యాగులకూ ఖర్చు పెడుతున్నాం.

ప్రపంచంలో ప్రతి ఐదు కాన్పుల్లో ఒకటికి పైగా సిజేరియనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. ఇంతమంది తల్లులకు జరుగుతున్న విషయమిది. బిడ్డను వెంటనే తల్లి గుండెల మీద పడుకోబెట్టడానికి దారి చూపిస్తూ లండన్‌లో ప్రసూతి వైద్యుడు నికొలస్ ఫిస్క్ బృందం 2008లోనే 'సహజ సిజేరియన్' పద్ధతిని వివరించింది.

దీనికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. కోత పెట్టకముందే సర్దుకోవాలి, అంతే. ఈసీజీ స్టిక్కర్లు రొమ్ముల మధ్య కాకుండా భుజాల వెనక్కీ పక్కలకీ అంటించండి. కుడిచేతివాటం తల్లికైతే సెలైన్ సూది ఎడమచేతికి పెట్టండి. ఆక్సీమీటర్‌ను కాలి వేలికి పెట్టవచ్చు. బీపీ పట్టీ ఉన్న చేతికే పెడితే, పట్టీ బిగిసినప్పుడల్లా రీడింగ్ పోయి అలారం మోగుతుంది. గౌను ముడులు ముందే వదులు చేయండి. గది కనీసం 25 డిగ్రీలు ఉండాలి. చల్లటి గదిలో తడి బిడ్డ నిమిషాల్లో చల్లబడిపోతుంది.

తల బయటికి వచ్చాక సర్జన్ కాసేపు ఆగాలి. ఒళ్లు ఇంకా గర్భసంచిలోనే ఉంటుంది కాబట్టి ఆ ఒత్తిడికి ఊపిరితిత్తుల్లోని నీరు నోటి నుంచి, ముక్కు నుంచి బయటికొస్తుంది. మాయ నుంచి రక్తం అందుతూనే ఉంటుంది. అప్పుడు తెర దించి, తల్లి తల కాస్త ఎత్తితే భుజాలు మెల్లగా జారి రావడం ఆమె కళ్లారా చూస్తుంది. బొడ్డుతాడు కనీసం ఒక నిమిషం ఆగి బిగించండి.

ఇక గుండెల మీద పడుకోబెట్టడం. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. తల్లి గడ్డానికీ తెరకూ మధ్య చోటు తక్కువ. నిలువుగా పెడితే బిడ్డ కాళ్లు తెరకు తగులుతాయి, అందుకే అడ్డంగా పడుకోబెట్టాలి. తుడిచి, తడి గుడ్డ తీసేసి, టోపీ పెట్టి, పొడి గుడ్డ కప్పండి. మెడ వంగకూడదు. ముఖం పక్కకు తిరిగి, ముక్కూ నోరూ కనబడుతుండాలి. సిస్టర్లారా, ఇది మరీ మరీ చెబుతున్నాను: తల్లి పడుకునే ఉంటుంది, ఆమెకు బిడ్డ ముఖం సరిగా కనబడదు. బిడ్డ రంగునూ ఊపిరినీ చూస్తూ ఉండటమే పనిగా ఒక నర్సు పక్కనే నిలబడాలి. ముక్కు మూసుకుపోయినా బిడ్డ ఏడవకపోవచ్చు.

తల్లికి బీపీ పడిపోయి వాంతి వచ్చినా, వణుకు పుట్టినా బిడ్డను తండ్రి ఛాతీకి ఆనించండి. ఆయన చొక్కా గుండీలు విప్పుకొని, స్టూలు మీద కూర్చునే ఉండాలి; నిలబడితే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. బిడ్డ ఊపిరి అందుకోకపోతే, తల్లికి రక్తస్రావం ఎక్కువైతే ఇదంతా పక్కన పెట్టాల్సిందే. అందులో వాదన లేదు.

మళ్లీ తూకం దగ్గరికే వస్తున్నాను. రక్తస్రావం జరగకుండా బిడ్డకిచ్చే విటమిన్ కె ఇంజెక్షన్ తల్లి గుండెల మీద ఉండగానే ఇవ్వొచ్చు. స్నానం 24 గంటలు ఆగొచ్చు. అన్నీ ఆగుతాయి, తూకం మాత్రం ఎందుకు ఆగదు?

తల్లిదండ్రులారా, 'బిడ్డ బాగుంటే తూకం గంట తర్వాత' అని కేసుషీటులో ముందే రాయించండి. సర్జన్‌తో పాటు మత్తు డాక్టర్‌నూ ముందురోజే కలిసి చెప్పండి. స్టిక్కర్లు, సూది, పట్టీ ఎక్కడుండాలో చూసేది ఆయనే.