బ్యాకప్ హార్డ్ డిస్క్ టక్ టక్ అంటోందా? ముందు కాపీ, తర్వాతే టెస్టింగ్

అందరికీ నమస్తే. ముందు ఈ సౌండ్ వినండి, మైక్ దగ్గర పెడతా ఉన్నా. టక్... టక్... టక్. విన్నారా? నాలుగు సార్లు కొట్టి, ఆగి, మళ్లా మొదలు. ఇప్పుడు ఇంకోటి. సన్నగా కుయ్‌మంటా ఉందే, ఇది. రెండిటికీ వైద్యం వేరే.

కుయ్‌మంటా అసలు తిరక్కపోతే చాలాసార్లు కరెంటు చాలక. చిన్న డిస్క్, రెండున్నర అంగుళాలది, కరెంటంతా యూఎస్‌బీ లోంచే లాగాల. క్యాబినెట్ ముందు పోర్టుకి వద్దు, హబ్బుకి అసలే వద్దు. వెనకాల, మదర్‌బోర్డు పోర్టుకి నేరుగా పెట్టండి. కేబుల్ మార్చండి, పొట్టిది. పెద్ద డిస్క్ అయితే 12 వోల్టుల అడాప్టర్, అదే ఆంపియర్లది మార్చి చూడండి. అప్పటికీ కుయ్‌మంటే మోటార్ పట్టేసిందనో, హెడ్, అంటే డేటా చదివే ముక్క, ప్లాటర్‌కి, అంటే లోపల తిరిగే పళ్లేనికి, అతుక్కుందనో అర్థం. ఆపేయండి.

టక్ టక్ అంటే ఇదిగో, స్క్రీన్ మీద ఈ సన్నటి చెయ్యి, దాని చివర హెడ్. ప్లాటర్ మీద దారి చదవలేక వెనక్కొచ్చి మళ్లా పోతా ఉంది. అదీ ఆగకుండా కొడతా, కంప్యూటర్‌లో డ్రైవ్ కనపడకపోతే, లేదంటే గరగరా గీసినట్టు వస్తే, వెంటనే పీకేయండి. ఈ వీడియో దానికి పనికిరాదు, క్లీన్ రూమ్, అంటే దుమ్ము లేని గది, ఉండే రికవరీ ల్యాబ్ కావాల. మూత తియ్యొద్దు. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, బయటికి తియ్యగానే లోపల చెమ్మ పడతాది. మన నెల్లూరు, ఒంగోలు ఉప్పుగాలికి ఇంకా తొందరగా.

అప్పుడప్పుడూ టక్కుమంటా, ఫైళ్లు కనపడతా ఉంటే మాత్రం కూర్చోండి.

ఒక్క మాట. ఆ డిస్క్‌లో ఉండేది కంప్యూటర్‌లో కూడా ఉందా? ఉంటే ఈ తంటాలే వద్దు, కొత్త డిస్క్ కొని మళ్లా బ్యాకప్ తీసుకోండి. కానీ మన పెళ్లి ఫోటోల స్టూడియోల్లో, రొయ్యల గుంటల లెక్కలు రాసే ఆఫీసుల్లో జరిగేదేంది? కంప్యూటర్‌లో జాగా లేక కట్ చేసి ఈడ పేస్ట్ చేస్తారు. పేరుకి బ్యాకప్, ఉండేది అదొక్కటే. మిగతా వీడియో అట్టాంటోళ్లకి.

డిస్క్ పెట్టేముందే కొత్త డిస్క్ రెడీగా ఉంచుకోండి. యూపీఎస్ ఆన్, స్లీప్ ఆఫ్. ఇప్పుడు పెట్టండి. ఫార్మాట్ చెయ్యమంటావా అని విండోస్ అడిగితే క్యాన్సిల్.

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ఓపెన్, డిస్క్ ఆరోగ్యం చూపించే సాఫ్ట్‌వేర్ ఇది. 05, సీ5, సీ6, ఈ మూడు వరసలే చూడండి, సున్నా ఉండాల. సీ5 అంటే చదవలేక పెండింగ్ పెట్టిన సెక్టార్లు, డిస్క్ మీద డేటా ఉండే చిన్న గడులు. ఆడ 10 కనపడితే పది కాదు, పదహారు! హెక్స్ అనే పదహారు అంకెల లెక్కలో చూపిస్తాది. ఫంక్షన్, అడ్వాన్స్‌డ్ ఫీచర్, రా వాల్యూస్‌లోకి పోయి డెసిమల్, అంటే మన మామూలు లెక్క, పెట్టుకోండి. పక్కన టెంపరేచర్. రోహిణి కార్తెలో 50 డిగ్రీలు దాటితే ఫ్యాన్ గాలి తగిలేటట్టు పెట్టండి. అంతే, క్లోజ్. డిస్క్ రిపేర్ చేసే విండోస్ కమాండ్, చెక్ డిస్క్ స్లాష్ ఆర్ మాత్రం కొట్టొద్దు. డిస్క్ మొత్తం చదివిస్తాది, ఫైల్ సిస్టమ్‌ని తిరగరాస్తాది. కొనూపిరితో ఉండేదాన్ని పరిగెత్తించినట్టే.

ఇప్పుడు కాపీ. విండోస్ కీ, ఎక్స్, తర్వాత ఏ. నాకు మౌస్ కంటే ఇదే ఇష్టం. కమాండ్లు కొట్టే టెర్మినల్ వచ్చింది. ఎఫ్ అంటే చెడిపోతా ఉండే డిస్క్, డి అంటే కొత్త డిస్క్. రోబోకాపీ విండోస్‌లోనే ఉండే కాపీ కమాండ్. రోబోకాపీ, ఎఫ్ డ్రైవ్‌లో ముఖ్యమైన ఫోల్డర్, డి డ్రైవ్‌లో కొత్త ఫోల్డర్, స్లాష్ ఈ, అంటే లోపలి ఫోల్డర్లతో సహా. సినిమాలు, పాత సెటప్‌లు ఆఖర్న చూసుకోండి.

ఈడ ఆగండి. స్లాష్ ఆర్ కోలన్ సున్నా, స్లాష్ డబ్ల్యూ కోలన్ సున్నా. ఆర్ అంటే ఎన్నిసార్లు మళ్లా ప్రయత్నించాల, డబ్ల్యూ అంటే మధ్యలో ఎంతసేపు ఆగాల. ఈ రెండూ పెట్టకపోతే ఏమైతాదంటే, రోబోకాపీ చదవలేని ఫైల్‌ని ఊరికే వదలదు. మామూలుగా దాని లెక్క పది లక్షల సార్లు మళ్లా ప్రయత్నించడం, ప్రతిసారికీ 30 సెకన్లు ఆగడం. అంటే ఆగే టైమే 347 రోజులు. ఒక్క ఫోటోకి! అంతసేపూ మీ హెడ్ ఆ చెడిపోయిన జాగాలోనే కొట్టుకుంటా ఉంటాది. ఆర్ సున్నా, డబ్ల్యూ సున్నా. మళ్లా చెప్తున్నా, రెండూ సున్నా. సున్నా పెట్టినా చెడ్డ సెక్టార్ దగ్గర డిస్క్ కాసేపు బిగుసుకుంటాది, అది మామూలే.

రెండోది. ముఖ్యమైనవి అయ్యాక ఎఫ్ డ్రైవ్ మొత్తం తీస్తారు గదా. అంతా అయ్యాక డిలో చూస్తే ఫోల్డర్ కనపడదు. యాడికీ పోలేదు. డ్రైవ్ రూట్‌కి, అంటే అన్నిటికన్నా పైనుండే ఫోల్డర్‌కి, హిడెన్, సిస్టమ్ అని గుర్తులుంటాయి, రోబోకాపీ వాటినీ తెచ్చి కొత్త ఫోల్డర్‌కి తగిలించేస్తాది. అందుకే స్లాష్ ఏ మైనస్ కోలన్ ఎస్ హెచ్, ఇదిగో, ఇట్టా. ముందే కొట్టేసుంటే ఆట్రిబ్, మైనస్ హెచ్, మైనస్ ఎస్, ఫోల్డర్ పేరు. వచ్చేస్తాది. ఇంకోటి, ఎఫ్ కోలన్ బ్యాక్‌స్లాష్‌కి కొటేషన్లు పెట్టొద్దు. ఆఖరి బ్యాక్‌స్లాష్ ఆ కొటేషన్‌ని మింగేసి కమాండ్ అంతా గందరగోళం చేస్తాది.

లాగ్‌కి, అంటే ఏం జరిగిందో రాసిపెట్టే ఫైల్‌కి, స్లాష్ యూనిలాగ్ వాడండి, ఉత్త లాగ్ వద్దు. ఫైల్ పేర్లు తెలుగులో ఉంటే ఉత్త లాగ్‌లో ప్రశ్నార్థకాలే కనపడతాయి.

ఎంటర్. మధ్యలో టక్‌టక్‌లు ఎక్కువైతే కంట్రోల్ సీ, డిస్క్ పీకి చల్లారనివ్వండి. తర్వాత అదే కమాండ్ మళ్లా కొట్టండి, అయినవాటిని దాటేసి పోతాది. రోబోకాపీనే పట్టుకోమని చెప్పేది అందుకే.

అయిపోయిందా? కింద ఫెయిల్డ్ అనే గడి చూడండి. సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అని ఎర్రర్ వస్తే పట్టించుకోవద్దు, అది విండోస్ సొంత ఫోల్డర్. మిగతావి ఏవి పోయాయో లాగ్‌లో పేర్లతో ఉంటాయి. కమాండ్ డిస్క్రిప్షన్‌లో పెడతా, కాపీ చేసుకోండి. ఎఫ్, డి అక్షరాలు మాత్రం మీ కంప్యూటర్‌లో ఏవో చూసి మార్చుకున్నాకే ఎంటర్ కొట్టండి.