పాత వాల్వు సెట్టులో ఏ కండెన్సర్ మార్చాలి, ఏది వదలాలి

నల్లగొండ మిత్రులకు, పాలమూరు నుంచి తమ సెట్లను మోసుకొని వచ్చిన వారికి నమస్కారం.

పెళ్ళిళ్ళకూ బతుకమ్మ ఆటలకూ మోగిన వాల్వు మైక్‌సెట్లు, ఇంటింటా వార్తలు వినిపించిన రేడియోలు ఇప్పుడు అటకలు దిగుతున్నాయి. దించిన వెంటనే కరెంటు పెట్టి చూడడం ఒక తప్పయితే, కనిపించిన ప్రతి కండెన్సర్‌నూ (కెపాసిటర్‌నూ) పీకి కొత్తది వేయడం ఇంకొక తప్పు. కండెన్సర్ వయసు కన్నా దాని లోపలి పొర ఏమిటన్నది ముఖ్యం.

మైనం పూసిన కాగితం కండెన్సర్ ఏళ్ళ తరబడి తేమ పీల్చుకొని, ఆపవలసిన డీసీని (ఒకే దిశలో పారే కరెంటును) కారనిస్తుంది. దానిని నేను పరీక్షించకుండానే మారుస్తాను. పాలిఎస్టర్, పాలిస్టైరీన్ ఫిల్మ్ (పలుచని ప్లాస్టిక్ పొర) రకాలు సాధారణంగా నిలకడగా ఉంటాయి. మల్లార్డ్ వారి పసుపు పాలిఎస్టర్ కండెన్సర్లు, విదేశాల్లో 'మస్టర్డ్' అని ముద్దుపేరు పొందినవి, నేటికీ చాలావరకు చక్కగా పనిచేస్తాయి గనుక వాటిని ఊరికే పీకడం పనిలేని పని.

విలువ చదవడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. పాత సెట్లలో 'ఎం.ఎఫ్.డి.' అంటే మైక్రోఫారడే, మిల్లీఫారడ్ కాదు. 473 అని ఉంటే 47 పక్కన మూడు సున్నాలు, అంటే 47,000 పికోఫారడ్లు, 0.047 మైక్రోఫారడ్. చారల కండెన్సర్ మీద పసుపు, ఊదా, నారింజ వరుసగా ఉన్నా అదే విలువ. ఇక ఒక చివర ఉండే ఒంటి గీతను చూసి నెగెటివ్ అనుకునే వారున్నారు; ఫిల్మ్ కండెన్సర్‌కు ప్లస్సు మైనస్సులు లేవు, ఆ గీత బయటి రేకు ఏ కాలికి కలిసిందో మాత్రమే చెబుతుంది.

అన్నిటికన్నా ముందు చూడవలసింది ముందు వాల్వు ఆనోడ్ (సిగ్నల్ బయటికి వచ్చే కాలు) నుంచి, స్పీకర్‌ను నడిపే అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు (సిగ్నల్ లోపలికి వెళ్ళే కాలు) వెళ్ళే కప్లింగ్ కండెన్సర్. ఆనోడ్ వద్ద 100 వోల్టులు, గ్రిడ్ రెసిస్టర్ 470 కిలోఓమ్లు, కండెన్సర్ లీకేజీ 20 మెగాఓమ్లు అనుకుంటే, గ్రిడ్ మీద దాదాపు 2.3 వోల్టుల పాజిటివ్ పడుతుంది. ఈఎల్84 అనే అవుట్‌పుట్ వాల్వు 250 వోల్టుల వద్ద పనిచేయడానికి కావలసిన నెగెటివ్ బయాసే (కరెంటును అదుపులో ఉంచే గ్రిడ్ వోల్టేజీ) సుమారు 7.3 వోల్టులు. కాథోడ్ రెసిస్టర్ కొంత సర్దుకున్నా కరెంటు పెరిగి, వాల్వు వేడెక్కి, లీకేజీ ముదిరితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. పది రూపాయల వస్తువు కోసం దొరకని ట్రాన్స్‌ఫార్మర్‌ను పోగొట్టుకున్న సెట్టు ఒకటి నా బల్ల మీదే ఉంది. ఆ తొందర నాదే.

ఈ లోపం కెపాసిటీ చూపే మీటరుకు అందదు; లీకయ్యే కండెన్సర్ కూడా విలువ సరిగానే చూపవచ్చు. అందుకే గ్రిడ్ వైపు కాలు విప్పి, సెట్టు వెలిగించి, ఆ కాలికీ ఛాసిస్‌కూ (సెట్టు లోహపు చట్రానికీ) మధ్య డీసీ వోల్టేజీ చూడాలి. మొదట లేచి దిగిపోతే మంచిదే, అక్కడే నిలబడితే మార్చాలి.

కొత్తది హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. విలువ అదే ఉండాలి. వోల్టేజీ పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి, తక్కువ పనికిరాదు. నేను 630 వోల్టుల పాలిప్రొపిలీన్‌ను ఇష్టపడతాను, కాకపోతే అది లావుగా ఉంటుంది గనుక ముందే చోటు చూసుకోవాలి. కాగితంది తీసి ఏ మంచి ఫిల్మ్ వేసినా సెట్టు బాగుపడుతుంది; ఖరీదైన పేరు వల్ల స్వరం మారిపోతుందన్న మాట నాకు నమ్మకం కలిగించలేదు. మెయిన్స్ తీగల మధ్య ఉండేదానికి మాత్రం 'ఎక్స్2' గుర్తున్న 275 వోల్టుల ఏసీ రకమే వేయాలి.

ఇప్పుడు ఈ సెట్టు ప్లగ్గు తీసి, ప్లగ్గు తీశాక కూడా చార్జి నిలుపుకునే ఫిల్టర్ కండెన్సర్‌ను 10 కిలోఓమ్ల, 5 వాట్ల రెసిస్టర్ ద్వారా ఖాళీ చేస్తున్నాను. మీటరు సున్నా చూపాక దగ్గరకు రండి, కప్లింగ్ కండెన్సర్ కాలు విప్పుదాం.