స్నూకర్ క్యూ చేతికి పట్టేస్తోందా? సాండ్‌పేపర్ మాత్రం తీయకండి

[క్లోజప్: టేబుల్ మీద ఆనించిన చెయ్యి. బొటనవేలి పక్క నుంచి క్యూ జారుతూ మధ్యలో టక్కున ఆగుతుంది.]

చూశారుగా, బంతిని కొట్టే ఈ కర్ర, అదే క్యూ, ఎలా పట్టేసిందో? షాట్ కొట్టే క్షణంలో ఇలా ఆగితే గురి తప్పినట్టే. అప్పుడు చాలామంది సాండ్‌పేపర్ అందుకుంటారు. కొత్తలో నేనూ అంతే, వారానికోసారి రుద్దేవాణ్ణి. రెండు రోజులు అద్దంలా ఉండేది, మూడో రోజుకి మళ్లీ మామూలే.

[క్లోజప్: పాత క్యూ. గోరు చెక్క మీద నుంచి ఇత్తడి వైపు జరిగి, అంచు దగ్గర తగులుతుంది.]

ఇదే ఆ క్యూ. ఇక్కడ గోరు తగులుతోంది చూడండి. బంతికి తగిలే కొసని టిప్ అంటారు. దాని కింద ఉండే ఈ ఇత్తడి తొడుగు, అంటే ఫెరూల్, దాని వెనక చెక్క ఒకప్పుడు ఒకే మట్టంలో ఉండేవి. సాండ్‌పేపర్ ఇత్తడిని వదిలేసి చెక్కను తినేసింది. మెట్టు పడింది. స్నూకర్ క్యూ టిప్ సాధారణంగా 9.5 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటుంది. అంత సన్నని చోట కాస్త చెక్క పోయినా, గట్టిగా కొట్టినప్పుడు క్యూ ఊగుతుంది.

అసలు ఆ జిగట చెక్కది కాదండీ. మన చెమట, చేతి జిడ్డు, టిప్‌కి రాసే చాక్ పొడి. యాష్ అనే చెట్టు చెక్క మీద కనిపించే ఈ గీతలున్నాయే, వాటి వెంట సన్నటి రంధ్రాలుంటాయి. మురికి దాక్కునేది అక్కడే. మేపుల్ చెక్కలో ఆ బాధ తక్కువ.

[గుడ్డ పిండుతున్న చేతులు.]

మైక్రోఫైబర్ గుడ్డను తడిపి, చుక్క కూడా రాలనంత గట్టిగా పిండండి. క్యూ పొడవునా తుడవండి, అడ్డంగా వద్దు. గుడ్డకి ఎంత నలుపు అంటుకుందో చూస్తే మీకే సిగ్గేస్తుంది! వెంటనే పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. ఆలస్యమైతే చెక్క తడి పీల్చుకుని పోగులు లేస్తాయి, గరుకు తేలుతుంది.

ఇప్పుడు అసలు పని. పొడిగుడ్డను క్యూ చుట్టూ గుప్పిట్లో బిగించి, చేతికి వెచ్చగా తగిలేదాకా వేగంగా రుద్దండి. లేచిన పోగులు అణిగిపోతాయి. మొదట్లో కిర్రుమనే శబ్దం నెమ్మదిగా తగ్గిపోతుంది, అదే గుర్తు.

ఇదంతా రోజూ అక్కర్లేదు. ఆట ముందు చేతులు కడుక్కోండి, అయిపోయాక అర నిమిషం పొడిగుడ్డతో తుడవండి. టాల్కం పౌడర్ మాత్రం వద్దు. అది చెమటతో కలిసి ముద్దవుతుంది, టేబుల్ గుడ్డంతా పాడవుతుంది.

[సీసాలోంచి గుడ్డ మీద పడుతున్న మూడు చుక్కలు.]

నూనె సంగతి. క్యూకి అవిసె నూనె వాడతారు. పచ్చి నూనె ఆరడానికి రోజులు పడుతుంది, బాయిల్డ్ అని అమ్మేది త్వరగా ఆరుతుంది. నూనె చెక్కకి తిండేమీ కాదు, గాలిలో తేమ లోపలికి చేరడాన్ని నెమ్మదింపజేస్తుంది, అంతే. అందుకే ఏడాదికి రెండు మూడు సార్లు, కొన్ని చుక్కలు చాలు. పావుగంట ఆగి, పైన మిగిలినదంతా తుడిచి, రాత్రంతా ఆరనివ్వండి. ఎక్కువైతే అదే కొత్త జిగట! వార్నిష్ ఉన్న క్యూకి నూనె ఇంకదు, దాని జోలికి పోకండి.

ఒక్క జాగ్రత్త: అవిసె నూనె గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే దానంతటదే వేడెక్కి అంటుకోగలదు. బయట పరిచి, విడిగా ఆరబెట్టండి.

క్యూని గోడకి ఏటవాలుగా ఆనించి వదిలేయకండి, ఎండలో ఆపిన కారులో అసలే వద్దు. వంకర వచ్చేది అలాగే.

[మళ్లీ పాత క్యూ.]

ఇంతకీ దీన్నేం చేశానంటే, క్యూలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఫెరూల్‌ని కూడా చెక్క మట్టానికి తగ్గించి, 9 మిల్లీమీటర్ల టిప్ వేసిచ్చాడు. ఇచ్చేటప్పుడు, "ఇంట్లో సాండ్‌పేపర్ ఎంతుంది?" అని అడిగాడు.